కూలి ఇంటి కంచంలోకి, కుండలోకి ఏది ఎక్కడినుంచి వస్తున్నది?

కృష్ణా డెల్టా గ్రామాలలో సంఘం సమావేశాలకు పోయినప్పుడు ఈమధ్య మేము ఒక ప్రశ్న వేస్తున్నాము. కూలిరేట్లు, ఇళ్ళస్థలాలు, కార్డులు, వీటి సంగతి ఎత్తుకోబోయే ముందు అడుగుతున్నాము: "ఈ పూట మీ ఇంట్లో వండినదాంట్లో మీ ఊరి పొలంలో పండింది ఏది? ఈ పూట మీరు తాగిన నీళ్ళు మీ ఊరి చెరువువేనా?" మొదట అందరూ నవ్వుతారు. ఇదేం ప్రశ్న అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ తరువాత ఆడవాళ్ళు లెక్క మొదలుపెడతారు. వండేది వాళ్ళు గనుక లెక్కా వాళ్ళకే తెలుసు.

బియ్యం చౌకడిపోవి. ఏ ఊరి వడ్లో, ఏ మిల్లులో ఆడించారో బస్తామీద చీటీ చూస్తే తప్ప తెలియదు. చూసేవాళ్ళు లేరు. కందిపప్పు కొంత మన దేశపుదే. చాలనిది బర్మానుంచి, ఆఫ్రికాలోని మొజాంబిక్, టాంజానియాలనుంచి ఓడల మీద వస్తున్నది. నూనె పామాయిలు. ఇండోనేషియా, మలేషియా తోటలలో పండి, కాకినాడ, కృష్ణపట్నం రేవులలో దిగి, అక్కడే శుద్ధి అయి పాకెట్లలో మన ఊరి కొట్టుకు చేరుతున్నది. 2022 ఏప్రిల్‌లో ఇండోనేషియా ప్రభుత్వం పామాయిలు ఎగుమతి ఆపేస్తే, రేపల్లె దగ్గర పల్లెలో కూలి తల్లి పోపులో నూనె తగ్గించుకోవలసి వచ్చింది. చింతపండు కొన్నది. మిరపకాయ కొన్నది. కూరగాయలు సంతలో కొన్నవి. మంచినీళ్ళు డబ్బాలో కొన్నవి. ఒక సమావేశంలో ఒక పెద్దామె అన్నది: "ఉప్పు కూడా కొన్నదే నాయనా. ఇంక మాదంటూ ఏముంది, వండే చేతులు తప్ప."

ఇది ఏ ఎడారిలోనో జరిగిన సంభాషణ కాదు. పదమూడు లక్షల ఎకరాల ఆయకట్టు వున్న కృష్ణా డెల్టాలో జరిగింది. దేశానికి అన్నం పెట్టే నేల అని పాఠ్యపుస్తకాలలో రాసుకున్న చోట జరిగింది. మోకాటిలోతు నీళ్ళలో పొద్దస్తమానం నిలబడి నాట్లు వేసే మనిషి, సాయంత్రం ఇంటికి వస్తూ నీళ్ళ డబ్బా కొనుక్కుని వస్తున్నది. ఎందుకు ఇట్లా అయింది? ఎప్పుడు అయింది? పైవాళ్ళు చెప్పరు గనుక మనమే విడమరిచి చూసుకోవాలి.

కాలువ ఎవరిది?

డెల్టాలో అన్నానికీ నీటికీ మూలం ఒక్కటే, కాలువ. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చినప్పుడు గుంటూరు సీమలో జనం పిట్టల్లా రాలిపోయారు. పక్కనే కృష్ణ పారుతూ సముద్రంలో కలిసిపోతున్నది; నీరు పొలానికి ఎక్కే దారి లేదు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టారు. 1852-55 మధ్య బెజవాడ దగ్గర కృష్ణకు కట్టారు. ఆ పాత ఆనకట్ట స్థానంలోనే 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఇంగ్లీషు కుంఫిణీకి మన మీద ప్రేమ పొంగి కట్టిందనుకోవద్దు. శిస్తు పెరుగుతుంది, పడవల మీద సరుకు పోతుంది, ఇదీ వాళ్ళ లెక్క. కాటన్ దొర పట్టుదల మనిషే, కాదనము. గోదావరి జిల్లాల్లో ఊరూరా ఆయన విగ్రహం వుంది. ఆ మట్టి తవ్వి, ఆ రాయి మోసిన వడ్డెర కూలీల విగ్రహం మాత్రం ఎక్కడా మా కంటపడలేదు.

కాలువ వచ్చింది. మాగాణి పెరిగింది. భూమి వున్నవాడి గాదె నిండింది. భూమి లేనివాడికి ఆ కాలువ వల్ల దక్కినవి మూడు: పని, పనితోపాటు గింజలు, ఊరి చెరువులోకి తాగే నీరు. ఈ మూడూ ఎట్లా జారిపోతూ వచ్చాయో ఒక్కొక్కటే చూద్దాం.

కళ్ళంలో కొలిచిన కూలి

యాభయ్యేళ్ళు దాటిన వాళ్ళందరికీ జ్ఞాపకం వుంటుంది. కోతలకూ నూర్పిళ్ళకూ కూలి గింజలలోనే కొలిచేవాళ్ళు. పాలేరుకు ఏడాదికి ఇన్ని బస్తాలని ఒప్పందం. కోతలు అయిన చేలో ఆడవాళ్ళు, పిల్లలు పరిగ ఏరుకునేవాళ్ళు. యానాదులు గట్లమీద ఎలుక కన్నాలు తవ్వి, ఎలుకలు దాచుకున్న వడ్లు బుట్టల కొద్దీ తీసుకునేవాళ్ళు. ఇట్లా చేరిన గింజలు సంక్రాంతి నుంచి కొన్ని నెలలపాటు ఇంటి కుండలో వుండేవి. దంపుడు బియ్యం, అందులోని తవుడుతో సహా ఒంటికి పట్టేది.

ఆ రోజులు స్వర్గమని మేము చెప్పడం లేదు. అట్లా చెప్పేవాళ్ళు గట్టుమీద నిలబడి చూసినవాళ్ళే అయివుంటారు. గింజలు తనకు కొలుచుకునేటప్పుడు ఒక కుంచం, కూలికి కొలిచేటప్పుడు ఒక కుంచం వాడిన ఆసాములు ఎందరో. వానాకాలంలో అప్పుగా తెచ్చుకున్న బస్తాకు కోతలలో బస్తాన్నర పోయాలి. చేలో దాహమైతే దోసిలి పట్టాలి, పైనుంచి పోస్తారు. ఆ ముంత మనం ముట్టకూడదు. గింజకూలి పోయి రొక్కం కూలి రావడానికి పోరాడినవాళ్ళలో మన సంఘాలూ వున్నాయి, ఆ పోరాటం న్యాయమైనదే. అయితే చేతికి రొక్కం వచ్చిన తరువాత ఆ రొక్కం ఎన్ని రోజులు వస్తుందన్నది అసలు ప్రశ్న అయింది.

1982లో మారుటేరు పరిశోధనా కేంద్రంనుంచి స్వర్ణ రకం వచ్చింది. 1986లో బాపట్లనుంచి సాంబమసూరి వచ్చింది. దిగుబడి పెరిగింది. సన్నబియ్యానికి పట్నాలలో గిరాకీ పెరిగింది. ఆ వెనుక కోతమిషన్లు దిగాయి. ముఠా అంతా రోజంతా వంగి కోసే ఎకరాన్ని మిషను గంటలో కోసి, నూర్చి, ట్రాక్టరులో పోసేస్తున్నది. కళ్ళమే లేదు, ఇంక కళ్ళంలో కొలవడం ఎక్కడిది? మిషను పోయిన చేలో పరిగ ఏరుదామంటే గడ్డి నలిగి బురదలో కలిసిపోయి వుంటుంది. మిషను వద్దని మేము అనడం లేదు. నడుము విరిగే పనిని ఇనుము చేస్తే మంచిదే. మిషను మిగిల్చిన డబ్బు ఎవరి జేబులోకి పోయిందన్నదే మా ప్రశ్న. కౌలురైతుకూ దక్కలేదని కౌలురైతులే చెబుతున్నారు.

మన వడ్లు పోయి, బియ్యమై తిరిగొచ్చేదాకా

ఇప్పుడు మన కంచంలోని అన్నం చౌకడిపో అన్నం. ఇది ఎవరి దయాధర్మమూ కాదని మొదటే చెప్పుకోవాలి. 1983లో రాష్ట్ర ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. కూలి ఇంట్లో రెండు పూటలా అన్నం వుడకడం చాలామందికి అప్పుడే మొదలైంది. మధ్యలో వచ్చిన ప్రభుత్వాలు ధర పెంచాయి. జనం వీధికెక్కారు. 2008లో మళ్ళీ రెండు రూపాయలయింది, 2011లో రూపాయి అయింది. 2013లో పార్లమెంటు ఆహారభద్రత చట్టం చేసి మనిషికి నెలకు అయిదు కిలోలు హక్కుగా రాసింది. అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఈ చట్టం కింద ఇచ్చే బియ్యానికి ధర తీసేశారు.

ఆ బియ్యం వచ్చే దారి చూడండి. రైతు ప్రభుత్వానికి అమ్మిన వడ్లు మిల్లుకు పోతాయి. 2025-26 సంవత్సరానికి సాధారణ రకం క్వింటాలుకు కేంద్రం ప్రకటించిన మద్దతుధర 2,369 రూపాయలు. తేమ అని, తాలు అని కోతపెట్టి చేతికిచ్చేది ఎంతో రైతుకే తెలుసు. క్వింటాలు వడ్లకు మిల్లరు 67 కిలోల పచ్చిబియ్యం ప్రభుత్వానికి అప్పజెప్పాలి. తవుడు, ఊక, మిగిలిన నూక మిల్లులోనే వుంటాయి. తవుడు నూనె మిల్లుకు పోతుంది, ఊక బాయిలర్లలో కాలుతుంది. దంపుడు రోజుల్లో ఇంటి గేదెకూ కోడికీ పోయిన తవుడూ చిట్టూ ఇప్పుడు మళ్ళీ మనమే కొనాలి. ఇచ్చే బియ్యంలో కూడా నూటికి పాతిక పాళ్ళదాకా నూక వుండవచ్చని నిబంధన చాలా కాలం నడిచింది. మిల్లునుంచి గోదాముకు, గోదామునుంచి మండలంలోని నిల్వ కేంద్రానికి, అక్కడినుంచి డిపోకు. ప్రతి మలుపులో ఒక కాటా వుంది. ప్రతి కాటా దగ్గర ఒక చెయ్యి వుంది.

బియ్యంలో కొన్ని గింజలు తేడాగా కనిపిస్తున్నాయని, నీళ్ళలో తేలుతున్నాయని, ప్లాస్టిక్ బియ్యం పోస్తున్నారని ఊళ్ళలో ఒక భయం వుంది. ఆడవాళ్ళు కూర్చుని ఒక్కొక్క గింజా ఏరి పారేయడం మేము చూశాము. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిను కలిపి మిషన్ల మీద గింజలాగా చేసి, నూరు గింజలకు ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. రక్తహీనత తగ్గాలని ఆ ఏర్పాటు. ఏరి పారేయవద్దు. ఈ నాలుగు ముక్కలు డిపో గోడమీద రాసి పెట్టడానికి ఏ అధికారికీ తీరిక లేకపోయింది, అదీ మా ఫిర్యాదు. అసలు ఆకుకూర, చేప, గుడ్డు కొనుక్కునే కూలి ఇస్తే గింజలో మందు కలిపే అవసరం ఎంతవరకు వుండేదో, ఆ లెక్క కూడా వాళ్ళు వెయ్యాలి.

డిపో బియ్యాన్ని కూలీలే అమ్ముకుంటున్నారని పట్నపు పెద్దలు గేలి చేస్తుంటారు. నిజమే, కొందరు అమ్ముతున్నారు. కిలో పదికో పన్నెండుకో ఇంటి ముందుకు వచ్చిన బండివాడికి పోస్తున్నారు. ఆ రోజు పప్పుకో, బిడ్డ మందుకో రొక్కం కావాలి, పని లేదు. ఆ బియ్యాన్నే మళ్ళీ పాలిష్ పట్టి, సంచి మార్చి, రేవు దాటించేవాడిని మాత్రం వ్యాపారి అంటారు. 2024 నవంబరులో కాకినాడ రేవులో ఓడమీదే రేషన్ బియ్యం కనబడిన సంగతి పత్రికలన్నీ రాశాయి. ఓడ నింపేటంత బియ్యం మన ఇళ్ళలో మిగిలిన సేర్లతో పోగుపడుతుందా? మిల్లులోనూ గోదాములోనూ తలుపులు తెరుచుకుంటే తప్ప పోగుపడదు. అయినా మన సభ్యులకు మేము చెప్పేది ఒకటే. అమ్మవద్దు. "వీళ్ళకు బియ్యం అక్కర్లేదు" అని రేపు కార్డు కోసేవాడి చేతికి మనమే కత్తి ఇచ్చినట్టు అవుతుంది.

కార్డుల సంగతి మరొకటి. ఆహారభద్రత చట్టం కింద ఎందరికి ఇవ్వాలన్న లెక్క 2011 జనాభా లెక్కల మీద కట్టారు. ఆ తరువాత పెళ్ళయి వేరుపడిన కుటుంబాలు, పుట్టిన పిల్లలు, ఆ లెక్కలో లేరు. పిల్లవాడు బడిలో చేరాడు, కార్డులో చేరలేదు.

గట్టుమీది కూర, చేలో చేప

మన తిండిలో ఎవరూ కొలవని, ఎవరూ జమ రాయని భాగం ఒకటి వుండేది. పొన్నగంటి, గంగపావిలి, చెంచలి, గలిజేరు: ఇవి ఎవరూ విత్తనం చల్లితే మొలిచినవి కావు. కలుపు తీసిన ఆడకూలి కొంగులో రెండు గుప్పిళ్ళు కట్టుకుని వచ్చేది, రాత్రికి కూర అయ్యేది. చేలో నీళ్ళు తీసేవేళ బోదెలలో మావులు, ఊతలు పెట్టి మట్టగిడసలు, జెల్లలు, చిన్న పరిగెలు పట్టేవాళ్ళు. నత్తలు, పీతలు వుండేవి. "వాళ్ళకేమి, నత్తలు తింటారు" అని ఎగతాళి చేసినవాళ్ళకు తెలియదు, ఆ నత్తలే మన పిల్లల ఎముకల్లో బలం అని.

ఇప్పుడు కలుపుకు మందు కొడుతున్నారు. కలుపుతోపాటు కూలి పోయింది, కూలితోపాటు కూరా పోయింది, ఒకే దెబ్బకు రెండు. గుళికలు చల్లిన చేలో చేప బతకదు. బతికినా తినడానికి భయం. మురుగుకాలువల్లో ఇంకా ఊత వేసే ముసలివాళ్ళు అక్కడక్కడా వున్నారు. ఆ చేపలు కిరోసిన్ వాసన కొడుతున్నాయని వాళ్ళే అంటున్నారు.

చేపలు లేవా అంటే, కావలసినన్ని వున్నాయి. కైకలూరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి లారీలలో మంచుగడ్డల మధ్య కలకత్తాకు, అస్సాముకు పోతున్నాయి. 2009 తరువాత వచ్చిన వెనామీ రొయ్య అమెరికాకు పోతున్నది. ఆ చెరువు గట్టుమీద రాత్రంతా కాపలా వున్నవాడి ఇంట్లో ఆదివారం బ్రాయిలర్ కోడి మెడలూ కాళ్ళూ వండుకుంటున్నారు.

ఇక నీళ్ళు

తిండికి కనీసం డిపో వుంది. నీటికి ఆ మాత్రం పూచీ కూడా లేదు. ఈ విషయం మీద కాస్త ఎక్కువ చెప్పుకోవాలి.

సముద్రానికి దగ్గరి డెల్టా ఊళ్ళలో భూమిలో నీరు ఉప్పు. బోరు వేస్తే ఉప్పే. బాపట్ల, చీరాల, నిజాంపట్నం ఇసుకపర్రలలో మాత్రం వాననీరు ఉప్పునీటిమీద తీయగా తేలుతూ వుంటుంది. అక్కడ దొరువులు తవ్వి తోటలకు పోసుకునేవాళ్ళు, చెలమలు తీసి తాగేవాళ్ళు. మిగతా ఊళ్ళన్నిటికీ కాలువ నీరే గతి. వేసవిలో కాలువ కట్టేస్తారు. కట్టేసేముందు ఊరి మంచినీటి చెరువు నింపుకోవాలి. మళ్ళీ కాలువ వచ్చేదాకా, సుమారుగా వేసవి మొత్తం, ఆ చెరువే ఊరికి ప్రాణం. బురదనీటిలో పటిక తిప్పేవాళ్ళు, కుండ లోపల చిల్లగింజ అరగదీసేవాళ్ళు. అడుగున మట్టి పేరుకుని పైన నీరు అద్దంలా వచ్చేది. ఆ తరువాతి కాలంలో ఇసుక ఫిల్టర్లు కట్టారు, ట్యాంకులు లేపారు, కుళాయిలు పెట్టారు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద పడినప్పుడు పదివేలమందికి పైగా పోయారు. బతికి బయటపడినవాళ్ళకు ముందు కావలసింది అన్నం కాదు, గుక్కెడు నీళ్ళు. బావులు, చెరువులు ఉప్పునీటితోనూ శవాలతోనూ నిండిపోయాయి. డెల్టా చివరి ఊరికి చెరువు అంటే ఏమిటో ఆనాడు తెలిసింది.

చెరువు అనగానే అందరి చెరువు అనుకోవడానికి మాత్రం వీలు లేదు. ఊరికొక చెరువు, పల్లెకొక చెరువు, కాలువ తూము ముందు ఎటు వుంటే అటు ముందు నిండుతుంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను వెంటాడి చంపారు. దానికి ముందురోజు గొడవ మొదలయింది ఎక్కడ? మాదిగల మంచినీటి చెరువు దగ్గర. తాము తాగే నీటిలో గేదెల కుడితినీళ్ళు కలపవద్దని అడిగినందుకు. అడిగినవాళ్ళను కొట్టబోతే ఒక ఆడమనిషి చేతిలోని నీళ్ళబిందె ఎత్తి అడ్డుకున్నది. ఆ తరువాత జరిగింది దేశమంతటికీ తెలుసు. నీటి ప్రశ్నను కులం ప్రశ్న కాదనేవాళ్ళు ఒకసారి ఆ చెరువుగట్టు మీద నిలబడి మాట్లాడాలి.

ఇప్పుడు చెరువుకు వచ్చే నీరు ఎక్కడిదో చూడండి. మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ, ఆలమట్టి, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల దాటి బ్యారేజీకి రావాలి. పైన నిండితే కిందికి వదులుతారు. పట్టిసీమ ఎత్తిపోతలు వచ్చాక గోదావరి నీరు కూడా పోలవరం కుడికాలువలో వచ్చి బ్యారేజీ దగ్గర కలుస్తున్నది. అంత దూరంనుంచి వచ్చిన నీరు బ్యారేజీ దిగగానే బందరు, ఏలూరు, రైవస్ కాలువలుగా చీలి బెజవాడ నడిబొడ్డులోంచి పోతుంది. పట్నం తన మురుగును ఆ కాలువల్లోకే వదులుతున్నది. ఆ కాలువ చివర, అరవై డెబ్భయి కిలోమీటర్ల కింద, మన చెరువు తూము వుంది. పైవాడు కడిగిన నీళ్ళు కిందివాడు తాగాలి. ఊళ్ళో వున్న నీతే జిల్లాకంతటికీ వర్తిస్తున్నది.

ఆ మీదట రొయ్యల చెరువులు. వరిచేల మధ్య చెరువు తవ్వి, బోరుతో ఉప్పునీరు తోడి నింపుతారు. పక్క చేలో ఉప్పు ఊరి వరి ఎర్రబారుతుంది. పంట పోయిన రైతు చివరకు తనదీ చెరువు చేస్తాడు, లేదా అమ్ముకుంటాడు. పట్టుబడి అయ్యాక ఆ మేత, ఆ మందులు, ఆ బురద కలిసిన నీటిని దగ్గరున్న కాలువలోకో మురుగులోకో తోసేస్తారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతంలో రొయ్యల పరిశ్రమను నిషేధిస్తూ, సాగుభూములను చెరువులుగా మార్చవద్దని తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి, అనుమతులు, రిజిస్ట్రేషన్ అనే దారి తెరిచింది. 2006లో కొల్లేరులో అభయారణ్యం హద్దు లోపలి చేపలచెరువుల గట్లు ప్రభుత్వమే కొట్టేసింది. తరువాత ఎన్ని గట్లు మళ్ళీ లేచాయో కొల్లేటి జనాన్ని అడగండి. భీమవరం దగ్గర తుందుర్రు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు రొయ్యల ఫ్యాక్టరీ వ్యర్థాలు గొంతేరులో కలిస్తే తమ నీళ్ళు, తమ చేపలు పోతాయని అడ్డం తిరిగితే, 2016లో ఆ ఊళ్ళమీద నిషేధాజ్ఞలు పెట్టారు, ఆడవాళ్ళను కూడా జైళ్ళకు పంపారు.

ఇంకొక చోద్యం కూడా జరుగుతున్నది. మంచినీటి చెరువునే చేపలకు పాట పెడుతున్నారు. పంచాయతీకి ఆదాయం అంటారు. పాడుకున్నవాడు మేత వేస్తాడు, ఎరువు వేస్తాడు, నీరు పచ్చబారుతుంది. ఒక ఊళ్ళో ఇదేమని అడిగితే "తాగేది ఎవరయ్యా, అందరూ డబ్బానీళ్ళేగా" అని జవాబు వచ్చింది. చెరువు చెడిపోతే డబ్బాకు గిరాకీ. డబ్బా వచ్చింది గనుక చెరువు చెడిపోయినా ఫరవాలేదట! రెండింటి మధ్య మన రొక్కం పోతున్నది.

ఆ రొక్కం లెక్క వేద్దాం. ఇరవై లీటర్ల డబ్బా ఊరును బట్టి పది రూపాయలనుంచి ఇరవై దాకా. పదిహేను అనుకుందాం. రోజుకొకటి అంటే నెలకు 450. ఒక ఆడకూలి రోజంతా వంగి సంపాదించిన దానికంటే ఎక్కువ. నెలకు పదిరోజులు పని దొరికే చోట ఇది చిన్న సంగతా? పోనీ ఆ నీరు మంచిదా అంటే, చాలా ప్లాంట్లలో పరీక్ష కాగితం అడిగితే చూపించరు. ప్లాంటు కూడా బోరు నీరే తోడుతుంది. తోడినదాంట్లో సగానికి పైగా ఉప్పునీరుగా పక్క కాలువలోకి వదిలేస్తుంది. అంటే ఒక డబ్బా మనకు అమ్మడానికి అంతకు మించిన నీటిని పాడుచేస్తున్నది.

కుళాయి పథకాలు లేవా? వున్నాయి. 2019 ఆగస్టు 15న కేంద్రం జల్ జీవన్ మిషన్ ప్రకటించింది. మనిషికి రోజుకు 55 లీటర్లు ఇంటి కుళాయిలో రావాలి. ఊరి పెద్దవీధిలో వస్తున్నాయి. పల్లె చివర, కొత్త కాలనీలో, గొట్టం చివర వున్నవాళ్ళకు ఎన్నిరోజులకొకసారి, ఎన్ని బిందెలు వస్తున్నాయో అధికారి రిజిస్టరులో దొరకదు. కుళాయి వుంటే పథకం పూర్తయినట్టే రాసుకుంటారు. కుళాయి తిప్పి చూసే గడి ఆ కాగితంలో వున్నా, తిప్పేవాడు రాడు.

ఈ వేసవికి చేయవలసిన పని

చెరువుల్లో పూడిక తీసింది ఎవరు? 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద ఎండలో గడ్డపలుగు పట్టి తీసింది మనమే. కాబట్టి ఆ చెరువు మీద మాట్లాడే అర్హత మనకు వుందా అని ఎవరైనా అడిగితే జవాబు తడుముకోనక్కరలేదు. 2011 జనవరిలో సుప్రీంకోర్టు పంజాబుకు చెందిన ఒక చెరువు కేసులో, ఊరి ఉమ్మడి భూముల మీది ఆక్రమణలు తొలగించేందుకు ఏర్పాట్లు చేసుకోవాలని అన్ని రాష్ట్రాలకూ ఆదేశం ఇచ్చింది. జగ్‌పాల్ సింగ్ కేసు అని చెబితే ఏ వకీలైనా తీసి ఇస్తాడు. దాని నకలు ప్రతి శాఖ దగ్గర వుండాలి.

డిపో దగ్గర: ఆహారభద్రత చట్టంలో ప్రతి డిపోకు నిఘా కమిటీ వుండాలని వుంది. మీ ఊరి కమిటీలో ఎవరున్నారో తహసీలుదారును రాతపూర్వకంగా అడగండి. చాలాచోట్ల తమ పేరు అందులో వుందని ఆ సభ్యులకే తెలియదు. నెలలో బియ్యం ఇవ్వకపోతే దానికి బదులు నగదు భత్యం ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతున్నది. ఇది ఇప్పించుకున్న కూలి కుటుంబం మాకు ఇంతవరకు తగలలేదు.

చెరువు దగ్గర పని కాలువ కట్టకముందే జరగాలి. కట్టేసిన తరువాత ఎంత అరిచినా తూములోకి నీరు రాదు. మూడు పనులు ఒకేసారి సాగాలి. పల్లె చెరువు ముందు నిండాలని, నిండినట్టు పంచాయతీ రాసి ఇవ్వాలని అడగాలి. మంచినీటి చెరువును చేపల పాటనుంచి తప్పిస్తూ గ్రామసభలో తీర్మానం పెట్టించాలి. దీనికి ఆడవాళ్ళు నిండుగా రావాలి, మగవాళ్ళు వచ్చి సర్దుకుపోతున్నారని మా అనుభవం. మూడవది, నీటి పరీక్ష. జల్ జీవన్ పథకంలో ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు నీటిపరీక్ష నేర్పాలని వుంది. ఆ అయిదుగురిలో మన పల్లెవాళ్ళు ఎందరో చూడండి. పరీక్ష పెట్టె ఏ బీరువాలో దుమ్ము కొట్టుకుపోతున్నదో కనుక్కోండి. గ్రామీణ నీటి సరఫరా శాఖకు ప్రయోగశాలలు వున్నాయి. చెరువునీరు ఒక సీసా, కుళాయినీరు ఒక సీసా, డబ్బానీరు ఒక సీసా, మూడూ ఒకేరోజు పట్టుకుపోయి ఇవ్వండి, రసీదు తీసుకోండి. సీసా కొత్తది కావాలి, మూత బిగుతుగా వుండాలి. సీసామీద ఊరి పేరు, చెరువు పేరు, పట్టిన తేదీ, వేళ రాయండి. రాయకపోతే అది ఏ ఊరి నీరో వాళ్ళకు తెలియదని తిప్పి పంపుతారు.